రోడ్డు వెడల్పు సరే, బరువు ఎవరి నెత్తిన?

(కంటోన్మెంట్ రోడ్ల విస్తరణ మీద తిరుమలగిరి, అల్వాల్ ప్రాంతాల బాధితులు పెట్టుకున్న సభలో పాత్రికేయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ముందుగాలనే ఒక మాట చెప్పుకుందాం. మేము రోడ్డుకు వ్యతిరేకం కాదు. ఈ సభకు వచ్చినోళ్ళు కూడా ఎవ్వరూ కారనే అనుకుంటున్నం. కరీంనగర్, సిద్దిపేట, రామగుండం, మంచిర్యాల నుంచి వచ్చే బస్సు ప్రతి ఒక్కటీ శామీర్‌పేట దాకా సుఖంగ వచ్చి, అక్కడి నుంచి జూబ్లీ బస్ స్టేషన్ చేరడానికి ప్రాణం పోయేంత పనైతున్నది. ఆ పక్క మేడ్చల్, నిజామాబాద్, ఆదిలాబాద్ దారి పరిస్థితీ అంతే. సుచిత్ర దాటి బోయిన్‌పల్లి, తాడ్‌బంద్ మీదుగా ప్యారడైజ్ చేరాలంటే గంట ఎక్కడ పోయిందో తెల్వది. ఉత్తర తెలంగాణ మొత్తానికి రాజధాని వాకిలి ఈ రెండు రోడ్లే. దవాఖానకు తెచ్చే మనిషి గాని, పరీక్షకు వచ్చే పిల్లగాడు గాని ఈ వాకిట్లోనే ఆగిపోతున్నడు. కాబట్టి రోడ్డు కావాలె. రోడ్డు వద్దనే మాట మన నోట రావద్దు. వస్తే మన కొట్లాట అక్కడనే ఖతమైతది.

మాలో చాలా మందిమి రాస్తారోకోలు చేసినోళ్ళమే. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు ఇదే రోడ్ల మీద కూసున్నం, వంటలు చేసుకున్నం, బతుకమ్మ ఆడినం. రోడ్డు ఆపుడు మాకు బాగ తెలుసు. ఇవాళ రోడ్డు తెరిపించే సంగతి మాట్లాడుడు కొంచెం చిత్రంగనే ఉన్నది.

అసలు ఈ ఇరుకు ఎట్ల వచ్చింది? ట్రాఫిక్ పెరిగింది కాబట్టి అని అధికారులు చెప్తరు. ట్రాఫిక్ హైదరాబాద్ అంతటా పెరిగింది. అటు పడమర దిక్కు మాదాపూర్, గచ్చిబౌలి పొంటి పోయి చూడండి. ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ లేచింది. దుర్గం చెరువు మీద 2020లోనే తీగల వంతెన వచ్చింది. మన దిక్కే ఎందుకు రాలేదు? ఎందుకంటే ఇక్కడ రోడ్డుకు రెండు దిక్కులా ఉన్న భూమి రాష్ట్ర ప్రభుత్వం చేతిలో లేదు. రక్షణ శాఖ చేతిలో ఉన్నది.

దీని వెనుక రెండు వందల ఏండ్ల కథ ఉన్నది. 1798లో నిజాం ఇంగ్లీషోళ్ళతోని సైన్య సహకార ఒప్పందం చేసుకున్నడు. వాళ్ళ ఫౌజు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేసింది. 1806లో సికందర్ జా పేరు మీద ఆ జాగకు సికింద్రాబాద్ అని పేరొచ్చింది. అప్పుడది ఊరి బయట. చుట్టూ పొలాలు, చెరువులు, గుట్టలు. 1857 తిరుగుబాటుతోని భయం పట్టుకున్న ఇంగ్లీషోళ్ళు తిరుమలగిరిలో కందకం తవ్వి కోట కట్టుకున్నరు. తిరుమలగిరిని ట్రిముల్గెరీ చేసిండ్రు. బొల్లారంలో ఇంకో దండు. పోయే ముందు బజారు భాగాన్ని నిజాంకు తిరిగి ఇచ్చి, ఫౌజు భాగాన్ని పట్టుకొనే ఉన్నరు. 1947 తర్వాత, 1948 తర్వాత ఆ భూమి భారత సైన్యానికి వచ్చింది. ఏఓసీ సెంటర్, ఈఎంఈ సెంటర్, మిలిటరీ ఇంజినీరింగ్ కాలేజి, మిలిటరీ హాస్పిటల్, హకీంపేట, బేగంపేట వైమానిక స్థావరాలు... ఒక్కటొక్కటే పెరిగినయ్. కంటోన్మెంట్ విస్తీర్ణం నలభై చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అందులో ఉన్నది 2.17 లక్షల మంది.

అప్పుడు ఊరి బయట ఉన్న దండు ఇప్పుడు ఊరి నడుమకొచ్చింది. దండు జరగలేదు, ఊరే పెరిగి దాన్ని చుట్టేసింది. మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, సఫిల్‌గూడ, సైనిక్‌పురి, యాప్రాల్ ఒక దిక్కు. అల్వాల్, లోతుకుంట, బొల్లారం ఒక దిక్కు. బోయిన్‌పల్లి, హస్మత్‌పేట ఇంకో దిక్కు. వీటన్నిటికీ నడుమ గోడ, ముళ్ళ తీగ, గేటు. గేటు కాడ తుపాకి పట్టుకున్న పిల్లగాడు. పాపం అతనిది కూడా ఏ పంజాబో, బీహారో. మన కరీంనగరో, నల్లగొండో కూడా కావచ్చు. అతని మీద మాకు కోపం లేదు. సైన్యం మీద కూడా లేదు. సైనిక్‌పురిలో ఉండేటోళ్ళల్లో రిటైరైన ఫౌజీలు ఎంత మందో. గేటు మూస్తే చుట్టు తిరిగి పోయేది వాళ్ళు కూడా.

ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలున్నయ్. రెండింటినీ కలగలిపి మాట్లాడితే మనమే మోసపోతం. ఒకటి, పెద్ద రోడ్లు ఇరుకు. రెండోది, లోపలి రోడ్లు బంద్.

లోపలి రోడ్ల సంగతి ముందు. ఏఓసీ సెంటర్ లోపలి నుంచి పోయే రోడ్లు తాతల కాలం నుంచి జనం నడిచినయ్. 2014 నుంచి రాత్రి పూట మూసుడు మొదలైంది. భద్రత అన్నరు. భద్రత అవసరం లేదని మేము అనం. కాని చట్టం ఏమంటున్నది? 2006 కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్ ప్రకారం రోడ్డు శాశ్వతంగ మూయాలంటే ముందు బహిరంగ నోటీసు ఇయ్యాలె, జనం అభ్యంతరాలు వినాలె. ఇదేదీ లేకుండనే గేట్లు పడ్డయ్. 2018 మేలో రక్షణ శాఖే దేశమంతా పద్ధతి లేకుండ మూసిన కంటోన్మెంట్ రోడ్లను తెరువుమని ఆదేశమిచ్చింది. కొన్నాళ్ళు తెరిచిండ్రు. కరోనా వచ్చింది, మళ్ళ గేటు పడ్డది. కరోనా పోయింది గాని గేటు పోలేదు. గఫ్ రోడ్, వెల్లింగ్టన్ రోడ్, ఆర్డినెన్స్ రోడ్... పేర్లు చూస్తేనే తెలుస్తది ఎవరి కాలం నాటివో. ఇంగ్లీషోడు నడవనిచ్చిన రోడ్డు మీద స్వతంత్ర దేశంలో నడవనిస్తలేరు.

2022 మార్చిలో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ అసెంబ్లీలో లేచి, రోడ్లు మూస్తే కంటోన్మెంట్‌కు కరెంటు, నీళ్ళు బంద్ పెడ్తమన్నరు. వినేటందుకు బాగుండె. చప్పట్లు కూడా పడ్డయ్. కాని ఆ నీళ్ళు తాగేది రసూల్‌పుర బస్తీ, మడ్‌ఫోర్ట్ గుడిసెలు, పికెట్, కార్ఖానా జనం. అవి బంద్ పెడితే మొదలు గొంతు ఎండేది మనోళ్ళదే. ఉద్యమం చేసిన పార్టీ పదేండ్లు ఏలి, బెదిరింపు కాడ ఆగిపోవుడు మాకైతే మింగుడుపడలేదు.

ఇగ పెద్ద రోడ్లు. రెండు ఎలివేటెడ్ కారిడార్ల కోసం రక్షణ భూమి కావాలని రాష్ట్రం అడుగుడు ఏండ్ల కిందనే మొదలైంది. అయితే 2017లో అదే బేరంలో బైసన్ పోలో మైదానం కూడా కలిపిండ్రు. ఎందుకు? కొత్త సెక్రటేరియట్ కట్టడానికట. జనం కోసం అడిగే రోడ్డును, సర్కారు కోసం అడిగే బంగ్లాను ఒకే మూటలో కట్టిండ్రు. కోర్టు కేసులు, మైదానం పోతదని ఆటగాళ్ళ నిరసనలు, ఢిల్లీ నుంచి పరిహారం మీద కొర్రీలు. ఆఖరుకు సెక్రటేరియట్ పాత జాగలోనే కట్టి 2023 ఏప్రిల్ 30న తెరిచిండ్రు. రోడ్డు మాత్రం అక్కడనే ఉన్నది. ఈ నడుమ పోయిన కాలానికి లెక్క ఎవరు చెప్పాలె?

2024 మార్చిలో రక్షణ శాఖ ఒప్పుకున్నది. అదే నెలలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రెండు కారిడార్లకూ శంకుస్థాపన చేసిండ్రు. అప్పుడు చెప్పిన లెక్కలు ఒకసారి చూద్దాం. రాజీవ్ రహదారి మీద జూబ్లీ బస్ స్టేషన్ దిక్కు నుంచి శామీర్‌పేట ఔటర్ దాకా 18.10 కిలోమీటర్లు, అందులో పైన పోయేది 11.12 కిలోమీటర్లు, ఖర్చు రూ.2,232 కోట్లు. జాతీయ రహదారి 44 మీద ప్యారడైజ్ నుంచి డెయిరీఫాం రోడ్డు దాకా 5.32 కిలోమీటర్లు, ఖర్చు రూ.1,580 కోట్లు. బేగంపేట రన్‌వే కాడ, హకీంపేట రన్‌వే కాడ వంతెన లేపరాదు కాబట్టి సొరంగం.

ఇప్పుడు భూమి లెక్క. ఇది జాగ్రత్తగ వినండి, మన కొట్లాట అంతా ఇందులోనే ఉన్నది. జాతీయ రహదారి కారిడార్‌కు 73.16 ఎకరాలు కావాలన్నరు. అందులో రక్షణ భూమి 55.85 ఎకరాలు, సొరంగం కింద 8.90, ప్రైవేటు భూమి 8.41 ఎకరాలు. అంటే అక్కడ ప్రైవేటు వాటా తొమ్మిదో వంతు. రాజీవ్ రహదారికి 197.20 ఎకరాలు. రక్షణ భూమి 113.48, ప్రైవేటు భూమి 83.72 ఎకరాలు. ఇక్కడ ఐదు పాళ్ళల్లో రెండు పాళ్ళకు మించి మనదే. ప్రైవేటు అంటే ఎవరు? పెద్ద మాల్స్, ఫంక్షన్ హాళ్ళు ఉంటయ్, కాదనం. కాని కార్ఖానా నుంచి లోతుకుంట, అల్వాల్ దాకా నడుచుకుంట పోయి చూడండి. కింద కిరాణమో, మందుల దుకాణమో, మెకానిక్ షెడ్డో. మీద ఇల్లు. వెనుక గోడ. ముందు నుంచి ఇరవై, ముప్పై అడుగులు పోతే ఆ ఇంట్ల మిగిలేది మెట్లు, బాత్రూము. దాన్ని ఇల్లు అనరు.

సైన్యం ఇచ్చే ప్రతి ఎకరానికీ రాష్ట్రం బదులు ఇస్తది. రక్షణ శాఖ పద్ధతి అది. సమాన విలువ భూమి గాని, అంత విలువ చేసే కట్టడాలు గాని ఇయ్యందే భూమి కదలదు. మంచిదే, వాళ్ళ భూమికి విలువ కట్టుకున్నరు. మరి దుకాణపాయనకు ఏమిస్తున్నరు? 'టీడీఆర్ తీసుకోండి' అంటరు. అభివృద్ధి హక్కు బదిలీ పత్రం అన్నట్టు. నీ భూమి పోయినందుకు ఇంకెక్కడనో అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు నీకు కాగితం మీద రాసిస్తరు. నూరు గజాల జాగ మీద బతికే మనిషి అంతస్తులు ఎక్కడ కడ్తడు? ఆ కాగితాన్ని ఏ బిల్డర్‌కో అగ్గువకు అమ్ముకోవాలె. సైన్యానికి భూమికి భూమి, మనకు భూమికి కాగితం. ఇదేం న్యాయం?

2013 భూసేకరణ చట్టం ఉన్నది. పట్టణంలో భూమికి కట్టిన మార్కెట్ విలువ మీద అంతే మొత్తం సొలేషియం కలిపి ఇయ్యాలె. అంటే రెట్టింపు. అయితే మార్కెట్ విలువ ఎట్ల కడ్తరు? సర్కారు పుస్తకంలో ఉన్న రిజిస్ట్రేషన్ ధర చూస్తరు, చుట్టుపక్కల జరిగిన అమ్మకాల దస్తావేజుల సగటు చూస్తరు, ఏది ఎక్కువైతే అది తీసుకోవాలె. బజారులో నడిచే ధర దస్తావేజులో ఎంత దాకా రాస్తరో మీకు తెలియంది కాదు. అట్ల తగ్గించి రాసిన ధర ఇప్పుడు మన మీదికే వస్తది. ఇంకోటి, అదే చట్టం కిరాయికుండి మూడేండ్లకు తక్కువ కాకుండ అక్కడనే బతుకుదెరువు చేసుకుంటున్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబం కిందనే లెక్కగడ్తది. మాటలన్నీ ఇంటి ఓనర్ల చుట్టే తిరుగుతున్నయ్. ఇరవై ఏండ్ల నుంచి కిరాయి కడుతూ ఇస్త్రీ డబ్బా పెట్టుకున్నాయన పేరు ఏ జాబితాలో ఉన్నదో అడగండి. లేకుంటే ఎక్కించాలె.

కంటోన్మెంట్ లోపల ఇంకో చిక్కు ఉన్నది. కొందరికి పట్టా లేదు. ఇంగ్లీషోళ్ళ కాలంలో 'ఓల్డ్ గ్రాంట్' అని ఇచ్చిండ్రు. ఇల్లు నీది, భూమి సర్కారుది. జనరల్ ల్యాండ్ రిజిస్టర్‌లో బీ-3 అని రాసి ఉంటది. నాలుగు తరాలు ఉండి, పన్ను కట్టి, కొని, అమ్మి, చివరికి రోడ్డు వచ్చిననాడు 'నీకు గోడల పైసలే, భూమి పైసలు రావు' అంటే ఆ మనిషి ఎటు పోవాలె? సైన్యానికి ఆ భూమి మీద కూడా విలువ కట్టి ఇస్తరా? ఇస్తే, దాని మీద నాలుగు తరాలు ఉన్న మనిషికి వాటా ఎంత? ఈ ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగ తీసుకోంది ఎవ్వరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

సైన్యం ఉన్న కాడ ఇట్లనే ఉంటది, ఏం చేస్తం అని కొందరు పెద్దమనుషులు అంటున్నరు. అట్లేం లేదు. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద ఫౌజు ఖర్చు పెట్టే అమెరికాలోనే ఎట్ల జరిగిందో చూద్దాం. మన పిల్లలు చాలా మంది ఉండే వర్జీనియా రాష్ట్రంలోనే, వాషింగ్టన్ పక్కన ఫోర్ట్ బెల్వార్ అని ఒక సైనిక స్థావరం ఉన్నది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, దాని లోపలి నుంచి పోయే వుడ్‌లాన్ రోడ్డును మూసేసిండ్రు. అచ్చం మన ఏఓసీ లెక్కనే. 2005లో స్థావరాల పునర్వ్యవస్థీకరణ అని నిర్ణయం తీసుకొని, వేల కొలువులు అక్కడికి మార్చిండ్రు. 2011 సెప్టెంబర్ గడువు. అటు దిక్కు కొత్తగ వచ్చిన ఒక్క గూఢచార సంస్థ ఆఫీసులోనే ఎనిమిది వేల మందికి మించి పనిచేస్తరు. చుట్టూ ఉన్న ఊర్ల రోడ్లు ఇరుకైపోయినయ్. అక్కడి జనం, అక్కడి కౌంటీ వాళ్ళు కొట్లాడిండ్రు. 'కొలువులు తెచ్చింది మీరు, రోడ్డు బరువు మా మీద ఎందుకు' అన్నరు. 2011లో జాతీయ స్థాయి నిపుణుల సంఘం కూడా, స్థావరం వల్ల వచ్చే రద్దీకి రక్షణ శాఖ ఎక్కువ వాటా పెట్టుకోవాలని నివేదిక ఇచ్చింది.

ఏమైంది? స్థావరం ముందు నుంచి పోయే రూట్ 1 రహదారిని నాలుగు లేన్ల నుంచి ఆరు లేన్లకు పెంచిండ్రు. దానికి రక్షణ శాఖ పద్దు నుంచి 18 కోట్ల డాలర్లు ఇచ్చిండ్రు. మూసిన వుడ్‌లాన్ రోడ్డుకు బదులు, స్థావరం భూమి మీదుగనే ఇంకో రోడ్డు వేసి 2014లో జనానికి తెరిచిండ్రు. పదమూడేండ్లు పట్టింది, అది కూడా చెప్పాలె. అక్కడ అంతా బాగున్నదని మేము అనం. కాని మూస్తే బదులు ఇయ్యాలె, రద్దీ తెస్తే వాటా పెట్టాలె అనే మాట అక్కడ చెల్లింది. ఇక్కడ రోడ్డు మూసినోళ్ళు బదులు రోడ్డు చూపలేదు. పైగా రోడ్డు వేసే రాష్ట్రమే రక్షణ శాఖకు విలువ కట్టి ఇస్తున్నది.

అక్కడ చెల్లడానికి కారణం, అడిగేటందుకు వాళ్ళకు ఓట్లేసిన మనుషులు ఉండిరి. మనకు? కంటోన్మెంట్ బోర్డుకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. పొడిగించి పొడిగించి 2021 ఫిబ్రవరికి ఆ బోర్డు గడువు ముగిసింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి, మార్చిలోనే రద్దు చేసిండ్రు. బ్రిగేడియర్ ఒకరు, సీఈఓ ఒకరు, నామినేట్ చేసిన పౌర సభ్యుడు ఒకరు. రోడ్డుకు భూమి ఇచ్చే మాట అటువంటి ముగ్గురి బోర్డు ఉన్న కాలంలోనే తెగింది. ఎనిమిది వార్డుల జనం తరఫున చెయ్యి ఎత్తేటోడు లేడు. పౌర ప్రాంతాలను నగర పాలనలో కలుపుతమని 2024లో ఢిల్లీ నుంచి మాట వచ్చింది. కలిపితే మంచిదే. కాని కలిపే దాకా ఆగి, ఓటున్న బోర్డు లేకుండ ఇండ్లు కూలగొట్టేది మాత్రం ముందు చేస్తమంటే ఒప్పుకోం.

ఇంకో మాట. 2025 జనవరిలో ఇదే దారుల్లో మెట్రో కూడా తెస్తమని ముఖ్యమంత్రి ప్రకటించిండ్రు. ఒకటి శామీర్‌పేటకు, ఒకటి మేడ్చల్‌కు. అయితే కారిడార్ స్తంభాలు, మెట్రో స్తంభాలు కలిపి ఒకేసారి లెక్క గట్టాలె. వాహనాల వంతెనకు ఒకసారి, మెట్రోకు ఇంకోసారి ఇండ్లు కొలిచి గీతలు గీస్తమంటే కుదరదు.

అందుకని మనం అడిగేది చాలా సూటిగ ఉండాలె. మొదలు ఏఓసీ రోడ్లు చట్ట ప్రకారం తెరువాలె, లేకుంటే బదులు రోడ్డు వేయాలె. ఆ రోడ్లు తెరిస్తేనే రాజీవ్ రహదారి మీది బరువు కొంత దిగుతది, అప్పుడు వెడల్పు ఎంత కావాలనేది మళ్ళ లెక్కగట్టొచ్చు. 200 అడుగులు అన్నది దేవుడు గీసిన గీత కాదు. రెండోది, ఎక్కడైతే ఒక దిక్కు ఖాళీ రక్షణ భూమి, ఒక దిక్కు ఇండ్లు ఉన్నయో, అక్కడ రోడ్డు నడిమి గీతను ఖాళీ దిక్కుకు జరపాలె. ఇంజినీర్లకు ఇది చేతకాని పని కాదు. రన్‌వే కింద సొరంగం తవ్వొచ్చని చెప్పినోళ్ళకు, గీత ఇరవై అడుగులు జరుపుడు పెద్ద కష్టమా? పరిహారం సంగతి పైన చెప్పినం. పైసలు చేతికి వచ్చినంకనే గోడ మీద చెయ్యి పడాలె.

ఇవాళ సభ అయిపోయినంక ఎవ్వరూ ఊకె ఇంటికి పోవద్దు. రేపటి నుంచి వారం రోజులు మా మిత్రులు కొందరు కార్ఖానా నుంచి హకీంపేట దాకా ఇంటింటికి వస్తరు. వాళ్ళు ఏ పార్టీ తరఫున రారు, చందా అడుగరు. మీరు తీసిపెట్టవలసినవి ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లు, దస్తావేజు ఉంటే దస్తావేజు, ఓల్డ్ గ్రాంట్ ఇల్లైతే ల్యాండ్ రిజిస్టర్ నకలు, కిరాయికున్నోళ్ళైతే మూడేండ్ల కిరాయి చిట్టీలు గాని, దుకాణం లైసెన్సు గాని. చిట్టీలు లేకుంటే పక్క దుకాణపోళ్ళు ఇద్దరి సాక్ష్యం రాయించుకుందాం. ఇంటి ముందు ఎర్ర గీత గీసి ఉంటే, టేపు పెట్టి గోడ నుంచి గీత దాకా ఎన్ని అడుగులో కొలిచి రాసి ఉంచండి. నోటీసు అందిన తారీఖు దాని మీదనే రాయండి. అభ్యంతరం చెప్పుకునే గడువు నోటీసు వెలువడిన నాటి నుంచి 60 రోజులే ఉంటది.